ల్యాప్‌టాప్‌లో సున్నాలు, బోర్డు మీద సరైన అంకెలు: ఫ్లోట్16 తిరకాసు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. ఎర్రగడ్డల ఫోటో తీసి సైజును బట్టి గ్రేడు చెప్పే ప్రోగ్రాం రాస్తున్నారు, కర్నూలు మార్కెట్ యార్డులో పెట్టి చూడాలని. ఫోటో విలువలను ఒక స్కేలుతో గుణించే పని మీ సీనియర్ రాసిన సీ లైబ్రరీ చేస్తుంది. ఆయన ఉబుంటు 22.04లో ల్యాప్‌టాప్ కోసం ఒక ఎస్‌ఓ ఫైలు (కంపైల్ చేసేసిన లైబ్రరీ), రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కోసం ఇంకొకటి తయారుచేసి, హెడర్‌తో (ఫంక్షన్ల పేర్లు, టైపులు చెప్పే ఫైలుతో) సహా మీ చేతిలో పెట్టి బెంగళూరు వెళ్లిపోయారు. సోర్సు ఇవ్వలేదు. బోర్డు మీద అంతా బాగానే ఉంది. ఉబుంటు 24.04 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం స్కేలు 0.5 పంపితే ఫలితమంతా సున్నాలే. మధ్యలో ఒక ప్రింటు పెడితే సున్నాలు పోయి ఇంకేదో చెత్త వస్తోంది. జీసీసీ 13 కంపైలర్‌లో బగ్ ఉందా అని అడిగారు. రాస్ప్‌బెర్రీ పై 5 మీద మళ్లీ కంపైల్ చేస్తే మూడో దశాంశం ఎందుకు మారుతోందన్నది రెండో ప్రశ్న.

మాది ఆదోని. పదిహేనేళ్లుగా కంపైలర్ల పనే చేస్తున్నాను కాబట్టి "కంపైలర్‌లో బగ్" అనే మాట వారానికి రెండుసార్లయినా వింటాను. ఇక్కడ బగ్ లేదు. మీ కోడ్‌ను విడిగా చూస్తే తప్పు లేదు, మీ సీనియర్ కోడ్‌ను విడిగా చూసినా తప్పు లేదు. తప్పంతా మీరు అతికించిన హెడర్‌లో ఉంది. అందులో పై నుంచి నాలుగో లైను చూడండి. ఎఫ్‌ఎల్‌టీ16 మాక్స్ అనే మాక్రో ఉంటే "హాఫ్" అంటే ఫ్లోట్16, లేకపోతే "హాఫ్" అంటే యూఇంట్16 అని ఉంది కదా? (ఫ్లోట్16 అంటే దశాంశ సంఖ్యను 16 బిట్లలో పెట్టే టైపు, సీలో ముందు అండర్‌స్కోరు పెట్టి రాస్తారు. యూఇంట్16 అంటే 16 బిట్ల పూర్ణాంకం.) కంపైలర్‌కు ఆ టైపు తెలిస్తే వాడుకుందాం, తెలియకపోతే 16 బిట్లను మామూలు పూర్ణాంకంలా మోద్దాం అని ఆయన ఉద్దేశం. ఆలోచన మంచిదే. కాకపోతే ఆ "హాఫ్"ను తీసుకెళ్లి స్కేల్ ఫంక్షన్ మూడో ఆర్గ్యుమెంట్‌గా పెట్టారు.

ఉబుంటు 22.04తో వచ్చేది జీసీసీ 11. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద దానికి ఫ్లోట్16 తెలియదు. రాస్తే ఈ టార్గెట్‌కు సపోర్టు లేదని ఎర్రర్ ఇస్తుంది. 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచే ఆ ప్రాసెసర్ల మీద ఆ టైపు దొరుకుతోంది. మీ 24.04లో ఉన్నది జీసీసీ 13. అంటే ఒకే హెడర్‌ను ఆయన కంపైలర్ ఒకలా చదివింది, మీ కంపైలర్ ఇంకోలా చదివింది. ఆయన లైబ్రరీ దృష్టిలో స్కేలు ఒక పూర్ణాంకం. మీ ప్రోగ్రాం దృష్టిలో అది దశాంశ సంఖ్య.

అయినా బిట్లు అవే కదా, రెండూ రెండు బైట్లే కదా అనిపిస్తుంది. మెమరీలో ఉన్నంతవరకు నిజంగానే అంతే. ఐఈఈఈ 754 ప్రమాణంలో 2008లో చేరిన ఈ 16 బిట్ల రూపంలో ఒక బిట్ గుర్తుకు, 5 బిట్లు ఘాతానికి, 10 బిట్లు భిన్నానికి. 0.5 అంటే హెక్సాలో 3800. జీసీసీ రాసినా క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ రాసినా, ల్యాప్‌టాప్ అయినా బోర్డు అయినా మెమరీలో కనిపించేది అదే 3800. గొడవంతా ఆ విలువ ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు గడప దాటేటప్పుడు వస్తుంది.

64 బిట్ల లైనక్స్ మీద ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు ఏబీఐ అనే ఒప్పందం ఉంది, ఫంక్షన్లు విలువలను ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో చెప్పేది. పూర్ణాంకాలు, పాయింటర్లు ఒక వరుస రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లో) వెళ్తాయి: మొదటిది ఆర్‌డీఐ, రెండోది ఆర్‌ఎస్‌ఐ, మూడోది ఆర్‌డీఎక్స్. దశాంశ సంఖ్యలు ఇంకో వరుసలో వెళ్తాయి: ఎక్స్‌ఎంఎం0, ఎక్స్‌ఎంఎం1 అలా. ఫ్లోట్16ను ఈ రెండో వరుసలో చేర్చారు. ఇప్పుడు మీ కాల్ చూడండి. పాయింటర్ ఆర్‌డీఐలో, ఎన్ని విలువలన్నది ఆర్‌ఎస్‌ఐలో సరిగ్గానే చేరాయి. 3800ను మాత్రం మీ ప్రోగ్రాం ఎక్స్‌ఎంఎం0లో పెట్టింది. ఆయన లైబ్రరీ దానికోసం ఆర్‌డీఎక్స్‌లో వెతికింది. మనవాడు రాజ్‌విహార్ దగ్గర బస్సు దిగి నిలబడితే, మనం బస్టాండులో కాచుకుని, అక్కడ దిగిన ఎవరినో పట్టుకుని ఇంటికి తీసుకొచ్చినట్టు.

ఆ "ఎవరో" ఎవరన్నదే మీ సున్నాలకు కారణం. దానికి ముందు లైనులో ఫోటోను లోడ్ చేసే ఫంక్షన్‌ను పిలిచారు. దాని మూడో ఆర్గ్యుమెంట్ రంగుల సంఖ్య, అంటే 3. ఆ 3 ఆర్‌డీఎక్స్‌లో అలాగే మిగిలిపోయి ఉంటుందని నా అనుమానం. హాఫ్ రూపంలో 0003 అనే బిట్లకు విలువ ఎంతో తెలుసా? ఘాతం బిట్లన్నీ సున్నాలు కాబట్టి అది సబ్‌నార్మల్, అంటే సున్నాకు అతి దగ్గరి చిన్న సంఖ్య. 3ను 2 ఘాతం 24తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.00000018. మీరు ఫోటో విలువలను 0.5తో కాదు, దీనితో గుణిస్తున్నారు. నాలుగు దశాంశాలకు ప్రింట్ చేస్తే సున్నా కాక ఏం కనిపిస్తుంది? మధ్యలో ఒక ప్రింటు పెట్టగానే, ఆ ప్రింటు ఫంక్షన్ వెళ్తూ వెళ్తూ ఆర్‌డీఎక్స్‌లో తన చెత్తను వదిలేసి పోయింది. అందుకే అంకెలు మారాయి. ప్రింటు పెడితే మారే బగ్, ఆప్టిమైజేషన్ తీసేస్తే మారే బగ్ కనిపిస్తే నేను ముందు చూసేది ఇదే: పిలిచేవాడు, పిలిపించుకునేవాడు ఫంక్షన్ ఒకే సంతకాన్ని (దాని పేరు, ఆర్గ్యుమెంట్ల టైపులు) చదివారా లేదా.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. కంపైలైన ఫైలులోని ప్రాసెసర్ సూచనలను చూపించే ఆబ్జ్‌డంప్‌తో రెండు ఫైళ్లనూ విప్పండి. మీ ప్రోగ్రాంలో స్కేల్ కాల్‌కు పైన రెండు మూడు లైన్లలో ఎక్స్‌ఎంఎం0లోకి ఏదో లోడ్ అవుతూ కనిపిస్తుంది. ఆయన ఎస్‌ఓలో స్కేల్ ఫంక్షన్ మొదట్లోనే ఈడీఎక్స్‌నో డీఎక్స్‌నో చదువుతూ కనిపిస్తుంది; అవి ఆర్‌డీఎక్స్‌లో భాగాలే. ఐదు నిమిషాల పని.

మరి బోర్డు మీద ఎందుకు బాగుంది? 64 బిట్ల ఆర్మ్ మీద జీసీసీకి ఫ్లోట్16 ఏడో వెర్షన్ నుంచే తెలుసు. అక్కడ ఆయన కంపైలర్, మీ కంపైలర్ రెండూ హెడర్‌లో మొదటి దారే పట్టాయి. రెండు పక్కలా దశాంశ రిజిస్టరే. "బోర్డు మీద నడుస్తోంది కాబట్టి కోడ్ సరైనదే" అనుకోవడం వల్లే మీకు వారం పోయింది.

కంపైలైన ముక్కలను కలిపే లింకర్ ఎందుకు నోరు మెదపలేదు అనే సందేహం రావాలి. ఫంక్షన్‌ను సీ పద్ధతిలో బయటపెడితే లింకర్‌కు కనిపించేది పేరు ఒక్కటే. ఆర్గ్యుమెంట్ల టైపులు దానికి తెలియవు. సీ ప్లస్ ప్లస్ పద్ధతిలో అయితే టైపులు కూడా పేరులో కలిసిపోతాయి. యూఇంట్16కు ఆ పేరులో టీ అనే ఒక్క అక్షరం పడుతుంది, ఫ్లోట్16కు డీఎఫ్16 అని పడుతుంది. రెండు పేర్లూ కలవక లింకర్ అక్కడే ఆగి గోల పెట్టేది. ఆ గోల ఎంత మంచిదో ఇలాంటి రోజునే తెలుస్తుంది.

ఇంకో చిన్న ఉచ్చు కూడా ఉంది. మీరు ప్రింట్‌ఎఫ్‌కు ఫ్లోట్16ను నేరుగా ఇస్తున్నారు. మామూలు ఫ్లోట్ అయితే అలాంటి కాల్‌లో దానంతటదే డబుల్‌గా మారుతుంది. ఫ్లోట్16 మారదు, 16 బిట్లు అలాగే వెళ్తాయి. ప్రింట్‌ఎఫ్ వాటిని 64 బిట్ల డబుల్ అనుకుని చదివితే చాలాసార్లు 0.000000 అనే కనిపిస్తుంది. అంటే మీ లైబ్రరీ సరైన సమాధానం ఇచ్చిన రోజున కూడా మీకు సున్నాలే కనిపించే ప్రమాదం ఉంది. ప్రింట్ చేసే ప్రతిచోటా డబుల్‌లోకి క్యాస్ట్ చేయండి.

సోర్సు లేకుండా ఇప్పుడు ఏం చేయాలి? సులువే. ల్యాప్‌టాప్ కోసం ఒక చిన్న సీ ఫైలు రాయండి. అందులో ఆయన హెడర్‌ను కలపకుండా, స్కేల్ ఫంక్షన్ మూడో ఆర్గ్యుమెంట్ యూఇంట్16 అని మీరే డిక్లేర్ చేయండి. మీ ఫైలు బయటికి చూపించే ఫంక్షన్ మాత్రం మామూలు ఫ్లోట్ తీసుకోవాలి. లోపల దాన్ని ఫ్లోట్16గా మార్చి, మెమ్‌కాపీతో ఆ రెండు బైట్లను యూఇంట్16లో పెట్టి ఆయన ఫంక్షన్‌ను పిలవండి. ఇక్కడ క్యాస్ట్ చేశారంటే మళ్లీ మొదటికొస్తారు: 0.5ను యూఇంట్16లోకి క్యాస్ట్ చేస్తే 3800 రాదు, 0 వస్తుంది. మనకు కావాల్సింది విలువను మార్చడం కాదు, బిట్లను ఉన్నవి ఉన్నట్టు తరలించడం.

సోర్సు దొరికి లైబ్రరీని మళ్లీ కట్టే రోజు వస్తే, హెడర్‌ను ఇలా మార్చండి. విలువల వరుసలన్నీ యూఇంట్16 పాయింటర్లుగానే వెళ్లాలి. స్కేలు లాంటి ఒంటరి విలువలు ఫ్లోట్‌గా వెళ్లాలి. ఫ్లోట్16 అనే మాట సీ ఫైళ్ల లోపల ఎంతైనా వాడుకోండి, బయటికి కనిపించే ఫంక్షన్ సంతకంలో మాత్రం రాకూడదు. రెండు హాఫ్‌లున్న స్ట్రక్చర్‌ను విలువగా పంపడం కూడా వద్దు. దానికి ఇంటెల్ పద్ధతి వేరు, ఆర్మ్ పద్ధతి వేరు. ఇది నా చాదస్తం కాదు. పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పై తన సీ ఇంటర్‌ఫేస్‌లో హాఫ్‌ను 16 బిట్ల పూర్ణాంకంగానే చూపిస్తుంది. పైథాన్ నుంచి సీటైప్స్‌తో ఈ లైబ్రరీని పిలవాలంటే అందులో హాఫ్ టైపే లేదు. పాయింటర్ అయితే ఏ గొడవా లేకుండా పోతుంది. మీ టీంలో విండోస్ వాడే అమ్మాయి ఉందన్నారు. విజువల్ స్టూడియో కంపైలర్‌కు ఫ్లోట్16 అనేదే తెలియదు. పాయింటర్ల పద్ధతి పెడితే ఆమె కూడా ఇదే హెడర్ వాడుకోవచ్చు.

మీ సీనియర్‌ను తిట్టుకోకండి. ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. 2022లో మా టీం ఎల్‌ఎల్‌వీఎం (క్లాంగ్ వెనకున్న కంపైలర్) 14 నుంచి 15కు మారింది. హాఫ్ లెక్కలు నేరుగా చేసే సూచనలు లేని ప్రాసెసర్ మీద కంపైలర్ ఏం చేస్తుందంటే, విలువను ఫ్లోట్‌లోకి మార్చి, లెక్క చేసి, మళ్లీ హాఫ్‌లోకి దించుతుంది. ఈ మార్పిడికి కంపైలర్ రన్‌టైం లైబ్రరీలో చిన్న సహాయక ఫంక్షన్లుంటాయి. వెర్షన్ 14 వరకు ఆ ఫంక్షన్లు హాఫ్‌ను పూర్ణాంక రిజిస్టర్లో ఇచ్చిపుచ్చుకునేవి. 15 నుంచి కొత్త ఏబీఐ ప్రకారం ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లో. డబుల్ నుంచి హాఫ్‌కు దించే ఫంక్షన్ పేరు రెండింట్లోనూ ఒకటే. మేం ఎప్పుడో నెట్‌లో దొరికిన దాని పాత కాపీని మా రన్‌టైంలో పెట్టుకుని ఉన్నాం. లింక్ అయింది, నడిచింది, తప్పు అంకెలు ఇచ్చింది. ముగ్గురం మూడు రోజులు మోడల్ వెయిట్లను అనుమానిస్తూ కూర్చున్నాం. పట్టుకున్నది కూడా తెలివితేటలతో కాదు, విసుగొచ్చి డిసెంబ్లీ తెరిస్తే కనిపించింది.

కాబట్టి డెబియన్ 11 లాంటి పాత సిస్టం మీద కొత్త క్లాంగ్ వేసుకుని, లింక్ చేసేటప్పుడు హెచ్‌ఎఫ్, ఎస్‌ఎఫ్ అక్షరాలున్న ఫంక్షన్ దొరకలేదని ఎర్రర్ వస్తే, ఆ ఫంక్షన్‌ను మీరే రాసి పెట్టకండి. ఆ సహాయక ఫంక్షన్లుండే లిబ్‌జీసీసీ 12 గానీ, అదే వెర్షన్ క్లాంగ్‌తో వచ్చే కంపైలర్-ఆర్‌టీ గానీ లింక్ చేయండి. ఎఫ్16సీ ఆప్షన్ ఇస్తే ఫ్లోట్‌కూ హాఫ్‌కూ మధ్య మార్పిడి ప్రాసెసర్ సూచనతోనే జరిగిపోతుంది. 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో అది ఉంది. అయితే డబుల్ నుంచి నేరుగా హాఫ్‌కు దించాలంటే అప్పుడు కూడా సహాయక ఫంక్షనే కావాలి.

ఇక మూడో దశాంశం సంగతి. 1కి, 2కి మధ్య హాఫ్‌లో పక్కపక్క విలువల దూరం 1024లో ఒక వంతు, అంటే దాదాపు 0.001. మీకు కనిపించిన తేడా చివరి ఒక్క బిట్ కదలడమే. అది ఎందుకు కదిలిందో చూద్దాం. హాఫ్‌లో 2048 వరకే పూర్ణాంకాలన్నీ ఉంటాయి, 2049 లేదు. 2048కి 1 కలిపి, అందులోంచి 2048 తీసేయమనండి. ప్రతి అడుగులో హాఫ్‌కు గుండ్రం చేస్తే 2049 కాస్తా 2048 అయిపోయి, జవాబు 0 వస్తుంది. మధ్య ఫలితాన్ని ఫ్లోట్‌లోనే ఉంచి చివర్లో ఒక్కసారి హాఫ్‌కు దించితే జవాబు 1. మీ ల్యాప్‌టాప్‌లో హాఫ్ లెక్కలకు సూచనలు లేవు. ఏవీఎక్స్512 ఎఫ్‌పీ16 అనే ఆ సూచనలు సఫైర్ ర్యాపిడ్స్ లాంటి సర్వర్ ప్రాసెసర్లలో వచ్చాయి. అందుకే జీసీసీ అక్కడ రెండో పద్ధతిలో నడుస్తుంది. పై 4లోని కార్టెక్స్ ఏ72లో కూడా ఆ లెక్కలు లేవు, మార్పిడి మాత్రమే ఉంది. పై 5లోని కార్టెక్స్ ఏ76లో ఉన్నాయి. అక్కడ మీరు నేటివ్ ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేశారు కాబట్టి మొదటి పద్ధతి వచ్చింది.

గమనించండి, తేడా తెచ్చింది బోర్డు కాదు, మీరు ఇచ్చిన ఆప్షన్. పై 4 కోసం కట్టిన ఫైలునే తీసుకెళ్లి పై 5లో నడిపితే పాత అంకెలే వస్తాయి. పై 5 ఫైలును పై 4లో నడిపితే మాత్రం ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చనిపోతుంది.

రెండు చోట్లా ఒకే అంకెలు కావాలంటే ల్యాప్‌టాప్‌లో ఎక్సెస్ ప్రెసిషన్ ఆప్షన్‌కు 16 అని ఇవ్వండి. జీసీసీ 12 నుంచి ఉంది. అప్పుడు ప్రతి లెక్క తర్వాతా హాఫ్‌కు గుండ్రం చేస్తుంది. ఫ్లోట్‌లో చేసి హాఫ్‌కు దించితే రెండుసార్లు గుండ్రం చేసినట్టు కాదా అని అడగొచ్చు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం వరకు ఆ భయం లేదు. హాఫ్‌కు దాగిన బిట్‌తో కలిపి 11 బిట్ల కచ్చితత్వం, ఫ్లోట్‌కు 24. రెండు పదకొండ్లు ఇరవై రెండు, ఇంకో రెండు కలిపితే 24. సరిగ్గా అంత ఉంటే చాలని గణితం చెబుతుంది. గుణకారాన్ని, కూడికను కలిపి ఒకే సూచనగా చేసే ఎఫ్‌ఎంఏకు మాత్రం ఈ హామీ లేదు. అందుకని రెండు చోట్లా అలా కలపనిచ్చే ఎఫ్‌పీ కాంట్రాక్ట్ ఆప్షన్‌ను ఆఫ్ చేయండి.

ఇంత కష్టపడి అంకెలు కలపడం కంటే మొత్తాలు కూడేచోట ఫ్లోట్ వాడేయమనే నేను చెప్తాను. హాఫ్ నిల్వకు మంచిది, కూడికకు కాదు. దాని గరిష్ఠ విలువ 65504. విలువ 255 ఉన్న తెల్ల పిక్సెళ్లను హాఫ్‌లో కూడుతూ పోతే రెండు వందల యాభై చిల్లర పిక్సెళ్లకే అనంతం అయిపోతుంది. ఒక్క ఎర్రగడ్డ ఫోటోలో అంతకంటే ఎక్కువ పిక్సెళ్లు ఉండవూ!

చివర్లో బీఫ్లోట్16 అనే ఇంకో 16 బిట్ల రూపానికి మారదామనుకుంటున్నామని ఒక లైను రాశారు. మారండి, కానీ టైపు పేరు మార్చి ఊరుకోకండి. అది కూడా రెండు బైట్లే, ఇంటెల్ ఏబీఐలో వెళ్లేది కూడా ఎక్స్‌ఎంఎంలోనే. అందుకే హాఫ్‌ను, దీన్ని కలగాపులగం చేసినా ప్రోగ్రాం క్రాష్ కాదు. లోపల మాత్రం ఘాతానికి 8 బిట్లు, భిన్నానికి 7. బీఫ్లోట్‌లో 1.0 అంటే హెక్సాలో 3ఎఫ్80. అవే బిట్లను హాఫ్ అనుకుని చదివితే 1.875. హాఫ్‌లోని 1.0ను బీఫ్లోట్ అనుకుని చదివితే 0.0078125. రెండూ చూడ్డానికి మామూలు అంకెల్లాగే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. పై 5లో బీఫ్లోట్‌కు ప్రత్యేక సూచనలు లేవు కాబట్టి వేగం పెరుగుతుందని కూడా ఆశ పెట్టుకోకండి. నిజంగా మారేటట్టయితే ప్రతి పాయింటర్ పక్కనా "ఇది హాఫ్, ఇది బీఫ్లోట్" అని చెప్పే ఒక చిన్న పూర్ణాంకం కూడా పంపించండి. లైబ్రరీ ముందు దాన్ని చూసి, తనకు తెలియని టైపయితే ఎర్రర్ కోడ్ ఇచ్చి వెనక్కి రావాలి.

ముందు ఆబ్జ్‌డంప్ చూసి, ఆ రెండు ముక్కలు ఇక్కడ పెట్టండి. ఆర్‌డీఎక్స్‌లో దొరికింది నిజంగా ఆ రంగుల 3 అవునో కాదో నాకూ చూడాలని ఉంది.